రాయలవారిని ఏమని పిలవాలి?

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల అధికారులకు. పెనుకొండ, లేపాక్షి, గుత్తి, రాయదుర్గం వంటి చోట్ల ఉత్సవాలు జరిపే నిర్వాహకులకు. భువన విజయం ప్రదర్శించే కవులకు, పండితులకు, కళాకారులకు,



అయిదు వందల ఏళ్ల కిందటి శ్రీకృష్ణదేవరాయల కొలువును మీరు మళ్లీ మా కళ్ల ముందు నిలబెడుతున్నారు. ఉగాది వేదికల మీద, కళాశాలల వార్షికోత్సవాల్లో, కోటల దగ్గర జరిగే ఉత్సవాల్లో, సముద్రాలు దాటి అమెరికాలోని తెలుగు సభల్లో కూడా రాయల సభను చూపే భువన విజయం నడుస్తూనే ఉంది. 2010లో శ్రీకృష్ణదేవరాయల పంచశత పట్టాభిషేక ఉత్సవాలను ప్రభుత్వమే తలకెత్తుకుంది. ఇంకో జాతికి నాటకశాలలో మాత్రమే దొరికే అనుభవం మనకు ఊరి మైదానంలో దొరుకుతోంది. అందుకు మీకు రుణపడి ఉన్నాం. ఆ రుణం గుర్తుంచుకునే ఒక్క విషయం మీ ముందు పెడుతున్నాను. కిరీటం, కత్తి, పల్లకి, పూలమాలల మీద పెడుతున్న శ్రద్ధలో పదో వంతు కూడా పిలుపుల మీద పెట్టడం లేదు. రాజును మంత్రి ఏమని పిలిచాడు, కవిని రాజు ఏమని పిలిచాడు, రాజు ఎదుట ఎవరు నోరు విప్పేవారు, ఎవరు విప్పేవారు కారు అన్న ప్రశ్నలకు మన దగ్గర శాసనాల్లో, కావ్యాల్లో, యాత్రికుల రాతల్లో జవాబులున్నాయి. ఆ జవాబులన్నీ కలిపి చూస్తే తేలేది ఒకటే. మన నేల మీద పెద్ద గౌరవం పొడవాటి బిరుదులో కంటే బంధుత్వాన్ని చెప్పే చిన్న పిలుపులో ఎక్కువగా ఉండేది. వేదిక మీద ఆ పిలుపు పోతే కొలువు స్వభావమే పోతుంది.

ఇప్పుడు ఎక్కువ ప్రదర్శనల్లో వినబడే భాష మనందరికీ తెలుసు. రాజు రాగానే జయజయధ్వానాలు, ఆ తరువాత వాక్యానికొక ‘ప్రభూ’, మాటకొక ‘చిత్తం’, మంత్రి నుంచి భటుడి దాకా అందరి నోటా అదే ధోరణి. ఈ ధోరణి ఎక్కడిదో వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. ఆ బళ్లారి గడ్డ మీదే తెలుగు నాటకం వయసుకొచ్చింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాశారు. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ వేదికనేలాడు. చరిత్ర పురుషులను నాటకంలోకి తెచ్చి, వాళ్లకు గంభీరమైన సంభాషణ కట్టబెట్టిన ఘనత ఆ తరానిది. తరువాత సినిమా వచ్చింది. 1956 నాటి తెనాలి రామకృష్ణ, 1962 నాటి మహామంత్రి తిమ్మరుసు రాయల సభకు మన మనసుల్లో ఒక రూపం, ఒక గొంతు ఏర్పరిచాయి. ఆ నాటకాలను, సినిమాలను నేను తక్కువ చేయడం లేదు. అవి వాటి కాలానికి తగిన కళ. కానీ ఇరవయ్యో శతాబ్దపు రంగస్థల మర్యాదను పదహారో శతాబ్దపు కొలువు మర్యాదగా పిల్లలకు చూపిస్తున్నాం. కోట గోడ కింద నిలబడి చూపిస్తున్నాం గనక వాళ్లు దాన్ని చరిత్రగానే తీసుకుంటారు.

మరి మూలాలు ఏం చెబుతున్నాయి? ముందు పద్యం సంగతి. అల్లసాని పెద్దన మనుచరిత్ర అవతారికలో రాయలు భువన విజయమనే సభలో కొలువుదీరి కవితో మాట్లాడే సన్నివేశం ఉంది. అక్కడ రాజు కవిని ‘నీవు’ అనే అంటాడు. కవి కూడా ప్రతి ఆశ్వాసం మొదట్లో, చివర్లో రాజును ఏకవచనంలోనే సంబోధిస్తాడు. చక్రవర్తిని కవి నువ్వంటున్నాడంటే అందులో చులకన లేదు. మన పాత పద్యానికి ఏకవచనం సహజమైన సంబోధన. దేవుణ్ని ఇప్పటికీ మనం నువ్వనే పిలుస్తాం. ఇక వచనం సంగతి వేరు. శాసనాల వచనంలో గౌరవ బహువచనం నిండుగా కనిపిస్తుంది. పదహారో శతాబ్దపు తెలుగు శాసనాలు ‘దేవ మహారాయలు’, ‘రామరాజయ్య దేవ మహారాజులుంగారు’ అన్న పద్ధతిలో నడుస్తాయి. అసలు రాయలు అన్న మాటే గమనించండి. రాయ అన్న పేరుకు చివర చేరిన ‘లు’ గౌరవం కోసం వచ్చిన బహువచనమే. అంటే ఒకే రాజుకు పద్యంలో ఒక మర్యాద, రాతకోతల్లో ఇంకొక మర్యాద ఉండేవి. కవి పద్యం చదివేటప్పుడు నువ్వని, విన్నపం చేసేటప్పుడు రాయలవారని పిలిస్తే ఆ తేడా చెవికి తెలుస్తుంది. ఇప్పటి ప్రదర్శనల్లో కవి పద్యంలో నువ్వని పాడి, మరుక్షణం వచనంలో ‘తమరి కరుణ ప్రభూ’ అని వంగిపోతుంటే, చూసేవాడికి ఆ రెండింటి మధ్య దారి ఏమిటో అర్థం కాదు.

బంధుత్వపు పిలుపుల దగ్గరికి వస్తే మూలాలు ఇంకా గట్టిగా మాట్లాడతాయి. మధుర నాయకుల కాలంలో విశ్వనాథ నాయని స్థానాపతి రాసినట్టు చెప్పే రాయవాచకం వ్యావహారికానికి దగ్గరి వచనంలో రాయల కథ చెబుతుంది. అందులో మహామంత్రి తిమ్మరుసు అప్పాజీ. అప్ప అంటే తండ్రి. రాజు మంత్రిని తండ్రి వరసతో తలుచుకున్నాడన్నది ఆ గ్రంథం మనకిచ్చిన జ్ఞాపకం. తిమ్మరుసు పేరు చివర ఉన్నది కన్నడ ‘అరసు’, అంటే రాజు. ఒకే మనిషి పేరులో రాచరికం, పిలుపులో తండ్రితనం ఉన్నాయి. 1565 యుద్ధంలో తల కోల్పోయిన రామరాయలను చరిత్ర అళియ రామరాయలనే గుర్తుపెట్టుకుంది. అళియ అంటే కన్నడంలో అల్లుడు. సామ్రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మనిషికి చరిత్రలో నిలిచిపోయిన విశేషణం కృష్ణరాయల అల్లుడన్నదే. పెద్దనకు దక్కిన ఆంధ్ర కవితా పితామహుడన్న బిరుదు సంగతి చూడండి. పితామహుడంటే తాత. రాయలు తనను ఆ పేరుతోనే పిలిచేవాడని, రాజు పోయాక పెద్దన దుఃఖంతో చెప్పినట్టు ప్రచారంలో ఉన్న చాటుపద్యం గుర్తుచేస్తుంది. నాలుగు వందల ఏళ్లు గడిచాక కూడా మన బళ్లారి సీమ ఆ పద్ధతి మరిచిపోలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులను ఆంధ్ర నాటక పితామహుడంది. కవిత్వానికైనా, నాటకానికైనా మనం ఇచ్చుకున్న అతి పెద్ద బిరుదు తాత అన్న మాటే.

ఇది కొలువుకూ పండితులకూ పరిమితమైన సంగతి కాదు. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయ అనంతసాగరం చెరువు కట్టించాడని, ఆ చెరువు పేరే అనంతపురానికి వచ్చిందని స్థలచరిత్ర. ఒడెయ అంటే ఏలిక, చిక్క అంటే చిన్న. మన ఊరికి నీళ్లిచ్చిన మనిషి పేరులోనే అధికారం, ఇంటి ముద్దుమాట పక్కపక్కన ఉన్నాయి. లేపాక్షి ఆలయంతో ముడిపడిన సోదరులు విరుపణ్ణ, వీరణ్ణ. రెండు పేర్ల చివరా అన్న ఉన్నాడు. పెనుకొండలో దర్గాలో నెలకొన్న సూఫీ మహనీయుణ్ని చుట్టుపక్కల ఊళ్లు బాబయ్య అని పిలుచుకుంటాయి. గూగూడు పీర్ల పండగకు కులం, మతం చూసుకోకుండా జనం తరలిపోయి కొలిచే స్వామి కుళ్లాయిస్వామి, కుళ్లాయప్ప. కుళ్లాయి అంటే విజయనగర కొలువులో పెద్దలు పెట్టుకున్న పొడవాటి టోపీ. ఆ రాచటోపీ పేరుకు ‘అప్ప’ చేర్చుకుని మన రైతులు బిడ్డలకు కుళ్లాయప్ప అని పెట్టుకున్నారు. చివరికి 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోను కూడా ఈ నేల వదలలేదు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఈ సీమలో ఉండేవి. దొరను అప్పగా మార్చుకునే దాకా మన గౌరవానికి తృప్తి లేదు. ఇంత సాక్ష్యం చుట్టూ ఉండగా మన వేదిక మీద ఈ పిలుపులు వినబడకపోవడం పెద్ద లోటు.

అలాగని పొడవాటి బిరుదులను తీసేయమని నేను అనడం లేదు. వాటిని అర్థం తెలిసేలా వాడమంటున్నాను. మూరురాయరగండ అన్న బిరుదును చాలా వేదికల మీద దండకంలా గడగడా చదివేస్తారు. ముగ్గురు రాజులకు మగడన్నది ఆ మాట అర్థం. అశ్వపతి, గజపతి, నరపతి అన్న మూడు సింహాసనాల లెక్కతో అప్పటి దక్కను రాజకీయాన్ని మనసులో పెట్టుకుని వింటే ఆ మాటలో సవాలు వినిపిస్తుంది. హిందూరాయ సురత్రాణ అన్న బిరుదు ఇంకా విలువైన సాక్ష్యం. సురత్రాణ అంటే సుల్తాను. సంగమ వంశపు రాజులు పద్నాలుగో శతాబ్దం నడుమ నుంచే తమను హిందూ రాజుల్లో సుల్తానులుగా చెప్పుకున్నారు. ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారుడు ఈ బిరుదునూ, కొలువులో కుళ్లాయి టోపీ, కబాయి అంగీల వాడకాన్నీ కలిపి చదివి, విజయనగరం తన చుట్టూ ఉన్న పెద్ద ప్రపంచపు మర్యాదలను అందిపుచ్చుకున్న తీరును 1996లో వివరించాడు. మన పొరుగున కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. ఆ చెరువు కట్టించిన బుక్కరాయల కొడుకు భాస్కరుడికి భవదూర అన్న పేరుంది. అది బహదూర్ అన్న మాటకు సంస్కృత వేషమని పండితుల అభిప్రాయం. కృష్ణరాయల బిరుదుల్లో యవనరాజ్య స్థాపనాచార్య కూడా ఉంది. ఈ నాలుగు మాటలను వేదిక మీద విడమరిచి చెబితే, రాయల కాలాన్ని రెండు మతాల పోరుగా మాత్రమే నేర్చుకున్న పిల్లవాడికి చరిత్ర ఎంత చిక్కగా అల్లుకుని ఉందో అర్థమవుతుంది. అర్థం చెప్పకుండా చదివేస్తే అవి చప్పుళ్లుగా మిగులుతాయి.

మాటల కంటే మౌనమే హోదాను ఎక్కువగా చెప్పిన కొలువు అది. పాయిస్, నూనిజ్ అనే పోర్చుగీసు వాళ్లు విజయనగరాన్ని కళ్లారా చూసి రాసిన వృత్తాంతాలను రాబర్ట్ సెవెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చువేశాడు. రాజు ముందుకు వచ్చిన నాయకులు నమస్కరించి దూరంగా గోడ వారన నిలబడేవారని, ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కారని, తాంబూలం నమిలేవారు కారని, చేతులు కబాయి చేతుల్లోకి దోపుకుని చూపులు నేలకు దించుకునేవారని, రాజు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే మధ్యలో ఇంకొకరి ద్వారా మాట్లాడేవాడని వాటిలో ఉంది. రాజు పాదాలను ముద్దుపెట్టుకునే అవకాశం దొరకడం, రాజు నుంచి వస్త్రం అందడం చాలా పెద్ద గౌరవాలుగా ఉండేవట. లేపాక్షి నాట్యమంటపం పైకప్పు బొమ్మల్లో ఆ పొడవాటి టోపీలు, ఆ నిలుచునే తీరు ఈనాటికీ చూడవచ్చు. తిరుమల గుడిలో దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలబడిన రాయల విగ్రహం ఆయన కూడా ఒక ఏలిక ముందు కొలువు చేసేవాడేనని గుర్తుచేస్తుంది. ఇవన్నీ తెలిసిన దర్శకుడికి డైలాగు సగానికి తగ్గుతుంది. నాయకుల మౌనం, మధ్యవర్తి గొంతు, వస్త్రం అందుకునే చేతులు ఆ మిగతా సగాన్ని పలుకుతాయి. అలాంటి సభలో, అంత మౌనం నడుమ, రాజు నోటి నుంచి ‘అప్పాజీ’ అన్న పిలుపు వస్తే ఆ ఒక్క మాట బరువెంతో ప్రేక్షకుడి గుండెకు తెలుస్తుంది. అందరూ అరిచే సభలో అదే మాట ఎవరికీ ప్రత్యేకంగా వినబడదు.

దీనికి రాగల అభ్యంతరాల్లో మొదటిది: ఇది నాటకం, చరిత్ర పాఠం కాదు, కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలి. ఉండాలి. పద్యనాటకానికి తనదైన మర్యాద ఉంది, దాన్ని మార్చమని ఎవరూ అడగకూడదు. నాటక పరిషత్తులో తిమ్మరుసు రాగం తీస్తే విని ఆనందించేవాళ్లలో నేనూ ఉంటాను. కానీ ప్రభుత్వ సొమ్ముతో, కోట పేరుతో, రాయల కొలువు ఇలా ఉండేదని చాటుతూ జరిపే ప్రదర్శన చేసే వాగ్దానం వేరు. నగలు, ఆయుధాలు, ధ్వజాలు ఆ కాలానివిగా ఉండాలని అక్కడ మీరే కోరుకుంటున్నారు. పిలుపుకు మాత్రం ఆ నియమం వద్దనడానికి కారణం కనబడదు. పైగా మూలాలు కళాకారుడికి సంకెళ్లేమీ వేయవు. అవి అతనికి కొత్త సామగ్రి ఇస్తాయి. రాయలు, తిమ్మరుసుల తగవు కథ వేసే నటుడికి తండ్రిగా పిలిచిన మనిషిని శిక్షించిన రాజు దొరుకుతాడు. ‘మహామంత్రీ’ అని పిలిస్తే అది అధికారుల తగాదా. ‘అప్పాజీ’ అని పిలిస్తే అది ఇంటి విషాదం.

రెండో అభ్యంతరం: పాత మాటలు జనానికి అర్థం కావు. నిజానికి మన జిల్లాల ప్రేక్షకుడికి ‘ప్రభూ’ కంటే ఈ మాటలే దగ్గర. హిందూపురం, మడకశిర వైపు కన్నడం ఇంటి పక్క భాష. ఒడెయ, అరసు, అళియ అక్కడ ఎవరికీ కొత్త కావు. రాజును పిలిచిన దేవర అన్న మాట ఇక్కడ ఊరి దేవత జాతరకు పేరై నిలిచింది. దేవర చేస్తున్నామంటే ఏమిటో పల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు. కొలువు, విన్నపం, ఆరగింపు, పవళింపు అన్న రాచమాటలన్నీ గుడిలో రోజూ వినబడేవే. రాజుల కొలువులు ఆగిపోయాయి గానీ దేవుడి కొలువు ఆగలేదు గనక ఆ భాష అక్కడ భద్రంగా ఉంది. కాబట్టి విన్నపమనీ, అవధరించమనీ, దేవరవారనీ వేదిక మీద పలికితే మన జనానికి మరిచిపోయిన చుట్టం ఎదురైనట్టుంటుంది. అర్థం కాని మాట ఒకటీ అరా ఉంటే వ్యాఖ్యాత ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. అప్ప, అయ్య, అన్న అన్న వరసలు హెచ్చుతగ్గుల మీద కప్పిన దుప్పటి కాదా? తండ్రీ అని పిలిపించుకున్న ఏలిక పన్ను మాఫీ చేశాడా? బంధుత్వపు పిలుపును చూసి మురిసిపోతే ఆ కొలువులో నోరులేని వాళ్లను మరోసారి మరిచిపోయినట్టు కాదా? ఈ ప్రశ్నను పక్కకు నెట్టే హక్కు ఎవరికీ లేదు. ప్రేమ మాటతో పెత్తనం చేయడం మన సమాజం ఎరగనిది కాదు. పెద్దలకు అయ్య అన్న నోరే కూలివాణ్ని ఒరే అనడం ఈ సీమలో తరతరాలు నడిచింది. అందుకే అందరి పిలుపులనూ మూలాల దగ్గరికి తీసుకుపోయి సరిచూడమంటున్నాను. సదాశివరాయల కాలపు శాసనాలు ఒక మంగలి పేరు చెబుతాయి. కొండోజు అనే ఆయన అళియ రామరాజు మెప్పు పొంది, మంగళ్ల మీద ఉన్న పన్నులు మాన్పించాడు. ఆ సంగతి తెలుగు, కన్నడ సీమల్లో చాలా చోట్ల రాళ్ల మీదికెక్కింది. మహామండలేశ్వరుల బిరుదులు చెక్కిన ఉలే ఆ మంగలి పేరును కూడా, పనివాళ్ల పేర్లలో గౌరవంగా వచ్చే ‘ఓజు’తో సహా, చెక్కింది. మన వేదికల మీద మంగలి, భటుడు, డప్పు కొట్టేవాడు, బోయీ ‘ఒరే’ అన్న పిలుపుకే వస్తారు, నవ్వించడానికే వస్తారు. వాళ్లకు పేరు ఉండదు. పేరు లేకపోవడం మూలాల తప్పు కాదు, మన అలవాటు తప్పు. ఆ కాలపు అసమానతను దాచవద్దు. ఎవరు గోడ వారన నిలబడ్డారో, ఎవరు లోపలికే రాలేకపోయారో వ్యాఖ్యానంలో చెప్పండి. కానీ ఆనాటి రాయి గౌరవంగా రాసిన మనిషిని ఈనాటి మైకు అగౌరవంగా పిలవకూడదు.

ఈ శ్రద్ధ మితిమీరిన కోరిక కాదని చూపడానికి బయటి ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం బర్క్‌లీలో 1966లో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం అనే సంఘం యూరపు మధ్యయుగాన్ని వేషభాషలతో సహా తిరిగి ఆడుతుంది. అక్కడ రాజు కావాలంటే పోటీలో గెలవాలి. రెండుసార్లు ఏలినవాడికే డ్యూక్ అన్న హోదా. సంపాదించుకోని బిరుదును ఎవరూ తగిలించుకోకూడదు. ఏ హోదాను ఏ భాషలో ఏమనాలో చెప్పే పట్టికలు కూడా వాళ్లు తయారుచేసుకున్నారు. ఆడేది ఆటే అయినా పిలుపు విషయంలో అంత నిష్ఠ పెట్టుకున్నారు. మనం ఆడేది ఆట కూడా కాదు, మన పూర్వుల జ్ఞాపకం. అలాంటప్పుడు ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. వేదిక మీది బిరుదులు వేదిక మీదే ఉండాలి. సన్మానం వేళ ముఖ్య అతిథులను అభినవ రాయలనీ, అపర సార్వభౌములనీ పొగిడే అలవాటు ఉత్సవాల్లో పెరుగుతోంది. సైనిక, విద్యా గౌరవాలు తప్ప రాజ్యం బిరుదులివ్వకూడదని మన రాజ్యాంగం 18వ అధికరణం చెప్పింది. 1971లో 26వ సవరణ సంస్థానాధీశుల గుర్తింపునూ, రాజభరణాలనూ రద్దు చేసింది. పొగడ్తకు ఆ అధికరణం అడ్డం రాకపోవచ్చు. కానీ ప్రజాప్రభుత్వం జరిపే పండగలో ఎన్నికైనవాడూ, ఉద్యోగీ రాజు పిలుపు అందుకోవడం ఆ అధికరణం స్ఫూర్తికి తగదు. రాయల పిలుపు రాయలకు ఉండనివ్వండి. ఈనాటి వారికి పేరు చివర ‘గారు’ చాలు.

ఇక నా విన్నపాలు. ఒకటి, ప్రతి కోటకూ ఒక పిలుపుల పుస్తకం తయారుచేయించండి. 1981 నుంచి రాయల పేరుతోనే ఉన్న విశ్వవిద్యాలయం అనంతపురంలో ఉంది. అక్కడి తెలుగు, చరిత్ర శాఖలు, శాసన పండితులు కలిసి కూర్చుంటే ఎవరిని ఎవరు ఏమని పిలవాలి, ఏ మాటకు ఏ ఆధారం అన్నది ఇరవై పేజీల్లో చెప్పగలరు. రెండు, అన్ని కోటలకూ ఒకే రాయల వేషం తగిలించకండి. 1565 తరువాత రాజధాని అయిన పెనుకొండకు తన సొంత కొలువుంది. అక్కడ ఏలిన తిరుమల రాయలకే భట్టుమూర్తి వసుచరిత్ర అంకితమిచ్చాడు. రామరాజభూషణుడన్న ఆ కవి ప్రసిద్ధ నామమే ఒక బిరుదు. ఓడిపోయిన రాజ్యాన్ని మోసుకొచ్చి కొత్త చోట నిలబెట్టిన రాజూ, కవీ ఒకరినొకరు ఎలా పిలుచుకునేవారో చూపే ప్రదర్శన పెనుకొండలో తప్ప ఎక్కడా అంతగా అమరదు. గుత్తి కోట మురారిరావు ఘోర్పడేది, 1776లో హైదరాలీ పట్టుకునే దాకా మరాఠా కొలువు. అక్కడ మరాఠీ, పారసీ మర్యాదలు వినబడాలి గానీ భువన విజయపు భాష కాదు. మూడు, బిరుదులను వందిమాగధులు చదివిన వెంటనే వ్యాఖ్యాత ఒక్కొక్కదాని అర్థం చెప్పాలి. నాలుగు, చిన్న పాత్రలకు శాసనాల్లోంచి పేర్లు తీసి పెట్టండి. కొండోజు విన్నపం, చెరువు కట్టించినవాడి దానశాసనం దృశ్యాలుగా రాయించండి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. మాట మార్చడానికి టెండర్లు అక్కర్లేదు.

ఏడాదికి అయిదు వందల యాభై మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మీద, పంటా వలసా తేలని చోట, పాత రాజులను ఏమని పిలవాలన్నది ముఖ్యమైన ప్రశ్నేనా అని అడిగేవారుంటారు. కానీ ఆ బిరుదులు మనకు దొరికింది ఎక్కువగా నేలకూ నీళ్లకూ చెందిన రాళ్ల మీదే. శ్రీమన్మహారాజాధిరాజ అని మొదలైన శాసనం పది వరుసలు దాటాక ఒక చెరువు దగ్గరికో, మడి దగ్గరికో, గుడికిచ్చిన మాన్యం దగ్గరికో, దాన్ని చెడగొట్టవద్దన్న హెచ్చరిక దగ్గరికో వచ్చి ఆగుతుంది. బిరుదుకు బాధ్యత జతచేసి రాసుకున్న నేల ఇది. వేదిక మీద మొదటి వరుసలు మాత్రమే చదివి చివరి వరుసలు వదిలేస్తే, చెరువు కట్ట తెగినా బిరుదు నిలుస్తుందని పిల్లలకు నేర్పినట్టవుతుంది. పూర్తిగా చదివించండి. బుక్కరాయల పేరు బుక్కరాయసముద్రంలో ఇంకా పలుకుతోంది. చిక్క ఒడెయ కట్టించిన చెరువు మన ఊరి పేరై మన నోట ఉంది. ఏలికను చెరువు పేరుతో గుర్తుపెట్టుకుని, ఆప్తుణ్ని అప్ప అని పిలుచుకున్న ఈ ప్రాంతపు మర్యాదను మీ తరువాతి ప్రదర్శనలో వినిపించండి. కొలువు తీరిన రాయలు ‘అప్పాజీ’ అని పిలిచినప్పుడు వేల మంది ఒక్కసారిగా నిశ్శబ్దమైతే, ఆ రాత్రి మన కోట నిజంగా మాట్లాడినట్టు.

ఇట్లు,
మన కోటల మీద, మన మాట మీద మమకారమున్న
అనంతపురం వాసి